కారు డోరు కిందికి జారిందా? లాకు జోలికి వెళ్లేముందు కీళ్లను చూడండి

మా నాన్నకు మోకాళ్ల నొప్పులు. కారు దిగేటప్పుడు తెరిచిన డోరు మీద రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా దాని మీద మోపి, మెల్లగా లేస్తారు. ఎనిమిదేళ్లు అలాగే లేచారు. ఆయన కూర్చునే వైపు ముందు డోరు ఎప్పుడు జారడం మొదలుపెట్టిందో మాకెవరికీ తెలియదు. తెలిసేసరికి పరిస్థితి ఎలా ఉందంటే, హ్యాండిల్ పట్టుకుని కాస్త పైకెత్తి దబ్బున వేస్తేనే పడేది. నాన్న లోపల కూర్చుని లాక్కుంటే ఇనుముకు ఇనుము తగిలి ఠంగుమని వెనక్కి వచ్చేసేది. ఆయన మళ్లీ లాగేవారు, మళ్లీ వచ్చేది. చివరికి ఎవరో ఒకరం దిగి వేయాల్సిందే. అది ఆయనకు ఎంత ఇబ్బందిగా ఉండేదో ఆ మొహంలో కనిపించేది.

మొదట ఒక వర్క్‌షాపులో చూపించాను. వాళ్లు పది నిమిషాల్లో లాకు కొండీని, అంటే పిల్లరుకు (డోరు పక్కన నిలువుగా ఉండే బాడీ స్తంభానికి) ఉండే ఆ ఇనప రింగును, కొంచెం కిందికి దించి బిగించారు. డోరు చక్కగా పడింది. రెండు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత స్పీడులో డోరు పైమూల నుంచి ఈల వేసినట్టు గాలి శబ్దం, వాన పడితే అదే మూల నుంచి సన్నని నీటి ధార. కింద గడప మీద పెయింటు గీరుకుపోయి ఇనుము కనిపించింది. అప్పుడు అర్థమైంది. డోరు పైకి రాలేదు, దాన్ని అందుకునే కొండీయే కిందికి వెళ్లింది. అసలు జబ్బు అవతలి కొసన, కీళ్లలో అలాగే ఉంది, ముదురుతోంది.

అందుకే ఇది రాస్తున్నాను. బాధ కనిపించేది లాకు దగ్గర, కానీ పుట్టేది కీళ్ల దగ్గర. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతా పనంతా ఇంటి దగ్గరే ఒక పూటలో చేసుకోవచ్చు.

డోరు ఎలా వేలాడుతుందో ముందు చూద్దాం

ముందు డోరు మామూలుగా 30 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అద్దం, మోటారు, స్పీకరు, లోపలి కడ్డీ అన్నీ కలిపి ఆ బరువు. అదంతా ఒక పక్కనున్న రెండు కీళ్ల మీదే వేలాడుతుంది. బరువు లాకు వైపుకు లాగుతుంది కాబట్టి పై కీలు పిల్లరు నుంచి ఊడి రావాలని చూస్తుంది, కింది కీలు పిల్లరులోకి నొక్కుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పై కీలులోని బుష్, అంటే కీలు తిరిగే పిన్ను చుట్టూ ఉండే చిన్న లోహపు గొట్టం, గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అందుకే చాలా కార్లలో ముందు అరిగేది పై కీలే.

ఇప్పుడు చిన్న లెక్క. మా కారులో రెండు కీళ్ల మధ్య దూరం 38 సెంటీమీటర్లు. కీలు నుంచి డోరు వెనక అంచుకు 105 సెంటీమీటర్లు. అంటే కీళ్ల దగ్గర ఒక మిల్లీమీటరు లూజు వస్తే డోరు వెనక అంచు దాదాపు మూడు మిల్లీమీటర్లు దిగుతుంది. కీలు దగ్గర కంటికి ఆనని తేడా, లాకు దగ్గరకొచ్చేసరికి డోరు పడనివ్వనంత అవుతుంది. దీన్ని తిరగేసి చూస్తే మనకు ధైర్యం కూడా వస్తుంది: అక్కడ ఒక్క మిల్లీమీటరు సరిచేస్తే చాలు, ఇక్కడ మూడు పైకి లేస్తుంది.

ఎంత జారిందో కొలవండి

మూసి ఉన్న డోరును చూసి జారిందో లేదో చెప్పలేం. లాకు కొండీ దాన్ని మోస్తూ ఉంటుంది కాబట్టి అన్నీ సమంగా ఉన్నట్టే కనిపిస్తాయి. నేను చేసిన పద్ధతి ఇది. డోరు పూర్తిగా మూసి, ముందు డోరు వెనక అంచు మీద, దాని పక్కనే వెనక డోరు మీద కాగితం టేపు ముక్కలు అంటించాను. రెండు ముక్కల మీదుగా స్కేలు పెట్టి పెన్సిలుతో ఒకే అడ్డగీత గీశాను. తర్వాత హ్యాండిల్ లాగి, డోరు కొండీని వదిలీ వదలగానే, రెండు వేళ్ల దూరం కూడా తెరవకుండా, అక్కడే ఆపి చూశాను. ముందు డోరు మీద గీత ఒక్కసారిగా కిందికి పడింది. కొలిస్తే ఐదు మిల్లీమీటర్లు. పై లెక్క ప్రకారం కీళ్లలో మొత్తం దాదాపు రెండు మిల్లీమీటర్ల లూజు ఉన్నట్టు. ఆ టేపులు పని అయ్యేదాకా తీయకండి. బాగైందా లేదా అని చెప్పేది అవే.

ఇంకో సాక్ష్యం కొండీ మీదే దొరుకుతుంది. దాన్ని గుడ్డతో తుడిచి, సుద్దముక్కతో చుట్టూ రాసి, డోరు మెల్లగా వేసి తెరవండి. సుద్ద సరిగ్గా మధ్యలో చెరిగితే పరవాలేదు. కొండీ పైభాగంలో మాత్రమే చెరిగితే, డోరు కింద నుంచి వచ్చి దాని మీదికి ఎక్కుతోందన్నమాట. పాత కార్లలో అయితే సుద్ద కూడా అక్కర్లేదు, పైభాగం అరిగి మెరుస్తూ కనిపిస్తుంది.

లూజు ఎక్కడుంది?

దీనికి రెండో మనిషి కావాలి. మా అమ్మాయి వచ్చింది. డోరును ఒక అడుగు మేర తెరిచి, వెనక అంచు కింద చేతులు పెట్టి నేను పైకీ కిందికీ ఊపాను. తను కీలు దగ్గర, రెండు భాగాలు కలిసే సందులో చూపుడువేలు ఆనించి ఉంచింది. కంటికంటే వేలు బాగా పట్టేస్తుంది. పై కీలు మీద వేలు పెట్టగానే, "నాన్నా, ఇక్కడ టక్కుమంటోంది" అంది. నేనూ వేలు పెట్టి చూశాను. డోరు ఎత్తిన ప్రతిసారీ పిన్ను బుష్ లోపల ఒక గోడ నుంచి ఇంకో గోడకు కొట్టుకోవడం స్పష్టంగా తెలిసింది. కింది కీలు దగ్గర కూడా ఉంది కానీ చాలా తక్కువ.

ఈ పరీక్షలో మీకు నాలుగింటిలో ఏదో ఒకటి తేలుతుంది.

పిన్ను దగ్గర టక్కుమంటే బుష్‌లు అరిగాయి. వాటిని మార్చాలి. ఎక్కువసార్లు తేలేది ఇదే.

పిన్ను దగ్గర ఏమీ లేదు, కీలు పలకే పిల్లరు మీదో డోరు మీదో కదులుతోంది. బోల్టులు వదులయ్యాయి. ఇది అన్నింటికంటే తేలిక.

ఎక్కడా లూజు లేదు, అయినా డోరు కిందికే ఉంది. కీలు వంగి ఉంటుంది, లేదా ఎప్పుడో ఎవరో బోల్టులు విప్పి సరిగా కూర్చోబెట్టకుండా బిగించి ఉంటారు. తెరిచిన డోరుకు గోడో, స్తంభమో, ఇంకో బండో తగిలితే కీలు వంగుతుంది.

నాలుగోది, కీలు కూర్చున్న చోట పిల్లరు రేకే కదులుతోంది, లేదా బోల్టుల చుట్టూ పెయింటు వెంట్రుకల్లా పగిలి, దాని కింద తుప్పు కనిపిస్తోంది. అలా ఉంటే ఇంట్లో ముట్టుకోవద్దు. అది బండి అస్థిపంజరానికి సంబంధించినది, బాడీ వెల్డింగ్ తెలిసినవాళ్లు చేయాల్సిన పని. ఆ రేకు మీద ఎన్ని కొత్త బుష్‌లు వేసినా డోరు నిలబడదు.

ముందుగా సర్దుకోవాల్సినవి

మీ కారు మోడలు, తయారైన సంవత్సరం, ఏ డోరు, పై కీలా కింది కీలా చెప్పి పిన్నులూ బుష్‌లూ తెప్పించండి. నాలుగు బుష్‌లు, రెండు పిన్నులు కలిపి సెట్టుగా దొరికితే అదే తీసుకోండి. పై కీలు ఒక్కటే అరిగినా రెండూ మార్చడమే మంచిది. పైది కొత్తది, కిందిది పాతది అయితే బరువు సమంగా పడదు. కొన్ని కార్లకు బుష్‌లు విడిగా రావు, కీలు మొత్తంగా మార్చాల్సిందే. కొన్నింటిలో కీలు ఒకవైపు వెల్డింగ్ చేసి ఉంటుంది, దాంట్లో పిన్నూ బుష్షూ మార్చడం తప్ప జరపడానికి వీలుండదు. టార్చి వేసి ముందే చూసుకోండి: బోల్టు తలలు రెండువైపులా కనిపిస్తున్నాయా, ఒకవైపేనా?

ఇంకా కావాల్సినవి: ట్రాలీ జాకీ, ఒక చెక్క దిమ్మ, దాని మీద పరచడానికి మందపాటి గుడ్డ. సాకెట్ సెట్టు, సుత్తి, పిన్నును కింద నుంచి తట్టడానికి సన్నని ఇనప కడ్డీ, తుప్పు వదిలించే నూనె స్ప్రే, తెల్ల లిథియం గ్రీజు, కాగితం టేపు, మార్కర్ పెన్ను, టచప్ పెయింటు. కీలు బోల్టులు చాలా బళ్లలో 8 మిల్లీమీటర్లవే ఉంటాయి, తల మాత్రం కంపెనీని బట్టి 12 కానీ 13 కానీ, కొన్నింటిలో నక్షత్రం ఆకారం గాడి కానీ ఉంటుంది. నక్షత్రం గాడికి సరిగ్గా సరిపోయే బిట్టే వాడండి. ఒక సైజు చిన్నది పెట్టి తిప్పితే గాడి గుండ్రమైపోతుంది, ఆ తర్వాత ఆ బోల్టు తీయడం డోరు బాగుచేయడం కంటే పెద్ద పనవుతుంది.

నూనె స్ప్రే ముందురోజు సాయంత్రమే పిన్నుల మీద కొట్టి వదిలేయండి. పొద్దున్నే మళ్లీ ఒకసారి. ఈ ఒక్క ఓపికా నాకు సగం శ్రమ తప్పించింది.

బండి సమతలంగా ఉన్న నేల మీద నిలపాలి, హ్యాండ్ బ్రేకు వేయాలి. ఏటవాలులో నిలిపితే డోరు ఒక పక్కకు తూగుతూ ఉంటుంది. డోరుకూ పిల్లరుకూ మధ్య రబ్బరు గొట్టంలో వైర్లు వెళ్తుంటాయి. మనం డోరు ఊడదీయడం లేదు కాబట్టి వాటిని విప్పక్కర్లేదు, కానీ అవి బిగుసుకోకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఏ కారణంతోనైనా ఆ ప్లగ్గు తీయాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, కనీసం పది నిమిషాలు ఆగండి. కొన్ని కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సెన్సరు డోరులోనే ఉంటుంది. బ్యాటరీ తీసేముందు తాళంచెవి బయట మీ జేబులో ఉందో లేదో కూడా చూసుకోండి.

జాకీ పెట్టడం

నిజంగా జాగ్రత్త కావాల్సిన చోటు ఇదే, కొంచెం నిదానంగా చెబుతాను. డోరు బాగా తెరిచి, అడుగు అంచు కింద చెక్క దిమ్మా గుడ్డా పెట్టి జాకీ ఆనించాలి. డోరు సరిగ్గా మధ్యలో కాకుండా, మధ్య నుంచి కొంచెం లాకు వైపుకు. పూర్తిగా చివర పెడితే కీలు వైపు బరువు కిందికి దిగి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. అంచు రేకు పలచన, కాబట్టి దిమ్మ వెడల్పుగా ఉండాలి.

జాకీని కొద్దికొద్దిగా లేపండి. మనం డోరును పైకి ఎత్తడం లేదు, పిన్ను మీద బరువు లేకుండా చేస్తున్నామంతే. ఆ స్థితికి వచ్చిందని ఎలా తెలుస్తుంది? డోరు అంచు పట్టుకుని మెల్లగా ఎత్తి వదలండి. ఇందాకటి టక్కు శబ్దం ఎత్తినప్పుడూ దించినప్పుడూ ఒకేలా, తేలిగ్గా వినిపిస్తే పిన్ను బుష్ మధ్యలో తేలుతోందన్నమాట. ఇంకా లేపితే పిన్ను ఈసారి అవతలి గోడకు నొక్కుకుని బిగుసుకుంటుంది. నేను మొదట ఎక్కువ లేపేసి, పిన్ను ఎందుకు రావడం లేదా అని చాలాసేపు తంటాలు పడ్డాను. జాకీ ఒక్క పిసరు దించగానే కదిలింది.

ఇంకో మనిషి డోరును నిటారుగా పట్టుకుని ఉండాలి. జాకీ కింది బరువు మోస్తుంది కానీ డోరు ముందుకో వెనక్కో ఒరగకుండా ఆపలేదు. పిల్లల చేత పట్టించకండి. మా అమ్మాయి పెద్దదే, అయినా ఈ భాగానికి మా తమ్ముణ్ని పిలిచాను.

పిన్ను తీయడం, బుష్ మార్చడం

రెండు కీళ్ల మధ్య డోరు ఎంతవరకు తెరుచుకోవాలో ఆపే పట్టీ ఒకటి ఉంటుంది. పిల్లరు వైపు దాని బోల్టు ఒక్కటి తీస్తే పని చేసుకోవడానికి చోటు దొరుకుతుంది. కానీ ఆ పట్టీ తీశాక డోరును ఆపేదేదీ ఉండదు, ఇంకాస్త తెరిస్తే నేరుగా ఫెండరుకు, అంటే ముందు చక్రం పైనుండే బాడీ రేకుకు, తగులుతుంది. మధ్యలో మడతపెట్టిన దుప్పటి వేయండి. కొన్ని బళ్లలో కీలు దగ్గరే బలమైన స్ప్రింగు ఉంటుంది. అది బిగించి ఉంటుంది, దాన్ని నొక్కిపట్టే పనిముట్టు లేకుండా తీస్తే ఎగిరి మొహానికి తగులుతుంది. అలాంటి స్ప్రింగు కనిపిస్తే ఆ పనిముట్టు సంపాదించాకే ముందుకు వెళ్లండి.

ఒకసారికి ఒక్క కీలే. రెండు పిన్నులూ ఒకేసారి తీస్తే డోరు మొత్తం మీ చేతుల్లోకి వస్తుంది, తిరిగి రంధ్రాలు కలపడానికి నానా తిప్పలూ పడాలి. ఒకటి ఉండగా ఇంకొకటి మారిస్తే డోరు ఎక్కడికీ పోదు.

పిన్ను ఒక కొసన తల ఉంటుంది, ఇంకో కొసన కొన్నింటిలో చిన్న క్లిప్పు. క్లిప్పు తీసి, తల లేని కొస నుంచి కడ్డీ ఆనించి సుత్తితో తట్టండి. మావి రెండూ పైకి వచ్చాయి, మీవాటిలో ఒకటి పైకీ ఒకటి కిందికీ రావచ్చు, తల ఎటుందో చూసుకోండి. తట్టేటప్పుడు చిన్న చిన్న దెబ్బలు ఎక్కువ కొట్టండి. రెండు మూడు దెబ్బలకే శబ్దం మారుతుంది. మొదట మొద్దుగా వినిపించేది పిన్ను కదలగానే ఖంగుమని మోగుతుంది. కళ్లకు రక్షణ అద్దాలు తప్పకుండా పెట్టుకోండి.

బయటికి వచ్చిన మా పాత పిన్నును చూసి ఆశ్చర్యపోయాను. పైనా కిందా నిండుగా ఉంది, బుష్‌లో తిరిగే చోట మాత్రం ఒక పక్క గోటితో తడిమితే మెట్టు తగిలేంత అరిగింది. ఇత్తడి బుష్ ఒక వైపు కాగితమంత పలచనై చీలిపోయింది. లోపలంతా నల్లటి జిగురు, దాంట్లో ఇసుక. ఎప్పుడూ పలచటి నూనె స్ప్రే కొడుతూ వచ్చాం, కీచుమనే శబ్దం పోయేది. ఆ స్ప్రే ఉన్న గ్రీజును కడిగేసి దుమ్మును పట్టి ఉంచిందని అప్పుడు తెలిసింది. నాన్న బరువు ఒక్కటే కారణం కాదు.

పాత బుష్‌ను కింద నుంచి కడ్డీతో తట్టి తీసేసి, రంధ్రాన్ని గుడ్డతో శుభ్రంగా తుడవండి. కొత్త బుష్‌ను సుత్తితో కొట్టకండి. అది మెత్తటి లోహం, అంచు నలిగిందంటే పిన్ను ఎక్కదు. ఒక పొడవైన బోల్టు, రెండు పెద్ద వాషర్లు, ఒక నట్టు తీసుకోండి. బుష్‌ను రంధ్రం మూతి దగ్గర నిటారుగా పెట్టి, బోల్టు దాంట్లోంచి దూర్చి, రెండువైపులా వాషర్లు వేసి నట్టు బిగిస్తూ పోతే బుష్ తనంత తానే లోపలికి జారుతుంది. అంచున ఉన్న గట్టు కీలుకు ఆనేదాకా బిగించండి. ఆ గట్టు రెండు ఇనప భాగాల మధ్యకు రావాలి, బయటి వైపుకు కాదు.

తర్వాత పిన్నుకు, బుష్ లోపలా గ్రీజు రాసి పిన్ను దించాలి. చాలా పిన్నులకు తల కింద నిలువు గీతలుంటాయి. అవి ఒక భాగాన్ని కరిచి పట్టుకుంటాయి, పిన్ను తిరగకుండా నిలుస్తుంది, డోరు బుష్‌ల మీద తిరుగుతుంది. కాబట్టి చివరి అర సెంటీమీటరు సుత్తితో కొట్టాల్సి రావడం మామూలే. కానీ మొదటి నుంచీ చేత్తో దిగకపోతే రంధ్రాలు కలవలేదని అర్థం. బలవంతం చేయకుండా జాకీని పిసరు పైకో కిందికో కదిపి చూడండి. కలిసిన క్షణాన పిన్ను దానంతట అదే సర్రున దిగుతుంది. క్లిప్పు వేసి, రెండో కీలుకు ఇదే పని. అలవాటైంది కాబట్టి మాకు రెండోది సగం టైములో అయిపోయింది.

బోల్టులు జరపాల్సి వస్తే

బుష్‌లు వేశాక మళ్లీ టేపు గీత చూస్తే మా డోరు ఐదు మిల్లీమీటర్లలో నాలుగు పైకి వచ్చింది. మిగిలిన ఒక్కటి బోల్టులతో సరిచేశాను. మీ కీళ్లలో లూజు లేకుండానే డోరు కిందికి ఉంటే మీ పని నేరుగా ఇక్కడ మొదలవుతుంది.

అన్నింటికంటే ముందు కీలు పలక చుట్టూ మార్కరుతో గీత గీయండి. ఫోను కెమెరాతో ఫొటో కూడా తీసుకోండి. ఆ గీత లేకుండా బోల్టు వదులు చేస్తే తిరిగి ఎక్కడికి రావాలో తెలియక టెన్షన్ పడతారు.

ఒక కీలువి, ఒక వైపువి మాత్రమే, సగం చుట్టు వదులు చేయండి. పలక జరగాలి, వేలాడకూడదు. డోరు వెనక అంచు లేవాలంటే పై కీలు దగ్గర డోరు ముందుకు, అంటే ఫెండరు వైపుకు రావాలి, లేదా కింది కీలు దగ్గర వెనక్కి జరగాలి. జాకీతో డోరు చివరను మెల్లగా ఎత్తితే పలక తనే సర్దుకుంటుంది. కావాల్సిన ఎత్తు కంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ లేపి బిగించండి, జాకీ తీయగానే ఆ మేరకు దిగుతుంది. గీతకూ పలకకూ మధ్య ఎంత ఖాళీ వచ్చిందో చూస్తే ఎంత జరిగిందో తెలుస్తుంది. కీలు పలక డోరు ముందు అంచుకు ఆని ఉండే బళ్లలో రంధ్రాలు పక్కలకూ పైకీ కిందికీ మాత్రమే జరగనిస్తాయి. అప్పుడు కింది కీలు వెనక ఒక మిల్లీమీటరు మందం పలచటి ఇనప ముక్క పెడితే అదే పని జరుగుతుంది.

డోరు చుట్టూ సందు సమానంగా ఉందో లేదో వెంటనే చూడండి. సందు సాధారణంగా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంటుంది. ఫెండరు వైపు సందు మరీ తగ్గిపోతే డోరు తెరిచినప్పుడు అంచు పెయింటు లేచిపోతుంది, అందుకే మొదటిసారి తెరిచేటప్పుడు ఆ అంచును చూస్తూ చాలా నెమ్మదిగా తెరవండి. వెనక డోరు కూడా జారి ఉంటే ముందు దాన్నే సరిచేయాలి. దాని వెనకున్న బాడీ రేకు కదలదు కాబట్టి కొలతకు అదే ఆధారం. వెనక డోరు దానికి సరిపోయాక ముందు డోరును వెనక డోరుకు సరిపెట్టుకోవాలి.

బిగింపు సర్వీసు మాన్యువల్‌లో చెప్పినంతే. 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు 25 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒళ్లంతా ఉపయోగించి పానా మీద వేలాడితే మర తెగుతుంది. బోల్టు కదిలిన చోట పెయింటు చిట్లి ఇనుము బయటపడుతుంది, అక్కడ టచప్ పూయడం మర్చిపోకండి.

జాకీతో బలంగా ఎత్తి కీలును వంచి సరిచేసే పద్ధతి కూడా ఉంది. చేయి తిరిగినవాళ్లు చేస్తారు, నేను చూశాను. బుష్ అరిగిన డోరుకు మాత్రం అది పనికిరాదు. అరుగుదల అలాగే ఉంటుంది, పైగా మంచి కీలు వంగుతుంది, లేదా పిల్లరు రేకు చిరుగుతుంది. ఇంట్లో అది చేయవద్దని గట్టిగా చెబుతాను.

లాకు కొండీ చివర్లో

ఇప్పుడు మాత్రమే కొండీ దగ్గరికి రావాలి. మాకు వర్క్‌షాపులో కిందికి దించారు కదా, దాన్ని మళ్లీ పైకి తేవాలి. చుట్టూ గీత గీసి, స్క్రూలు కొంచెం వదులు చేసి, రబ్బరు సుత్తితో తట్టి జరిపాను. పూర్తిగా విప్పకండి, కొన్ని బళ్లలో పిల్లరు లోపలున్న నట్టు పలక జారి కింద పడిపోతుంది. సుద్ద రాసి, డోరు వేసి, తెరిచి, మళ్లీ జరిపి... నాలుగోసారికి గుర్తు నడిమధ్యలో పడింది. టేపు గీత డోరు వదిలినప్పుడు ఒక వెంట్రుక కూడా దిగలేదు. మా తమ్ముడు ఒక్క వేలితో నెట్టాడు, డోరు "టప్" మని చిన్న శబ్దంతో పడింది. ఆ శబ్దం విని చాలా ఏళ్లయింది.

పని మధ్యలో ఒక్క జాగ్రత్త. డోరు తెరిచి ఉండగా లాకు నాలుక, అంటే డోరులో ఉండి కొండీని పట్టుకునే కొక్కెం, మీ చేయి తగిలి మూసుకుపోవచ్చు. అలాగే డోరు వేస్తే నాలుక కొండీని గుద్దుకుంటుంది, లాకు పాడవుతుంది. వేసే ముందు ఒక చూపు చూసి, మూసుకుని ఉంటే హ్యాండిల్ లాగి తెరవండి.

చివరి పరీక్షలు

రబ్బరు బీడింగు మీద కాగితం ముక్క పెట్టి డోరు వేసి, కాగితాన్ని లాగండి. కొంచెం పట్టి వదిలితే బాగున్నట్టు, ఊరికే వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు. చుట్టూ ఎనిమిది, పది చోట్ల చూడండి, పైమూల మాత్రం తప్పకుండా. తర్వాత లోపల ఒకరు టార్చితో కూర్చుంటే బయట నుంచి పైపుతో నీళ్లు పోయండి, ధార మరీ జోరుగా వద్దు. ఆపే పట్టీ బోల్టు తిరిగి బిగించారా? దాన్ని మర్చిపోయి డోరును గాలికి వదిలేస్తే ఫెండరు సొట్ట పడుతుంది. అద్దం పైకీ కిందికీ, లాకు, స్పీకరు అన్నీ ఒకసారి చూసుకోండి. వైర్లు ఎక్కడైనా నలిగితే ఇప్పుడే తెలుస్తుంది.

వారం తిరిగాక బోల్టుల బిగింపు మళ్లీ ఒకసారి సరిచూడండి, టేపు గీత కూడా. మాది అర మిల్లీమీటరు దిగింది, అక్కడితో ఆగింది. ఆ తర్వాతే టేపు తీశాను. ఆరు నెలలకోసారి పాత గ్రీజు తుడిచి కొత్తది రాస్తున్నాను.

నాన్న లేవడానికి ఏదో ఒక ఆసరా కావాలి కదా. లాకు కొండీలో దూర్చి పట్టుకునే చేతిపిడి ఒకటి దొరుకుతుంది. బలమంతా పిల్లరు మీద పడుతుంది, డోరు మీద కాదు. కొండీ రింగు ఆకారంలో ఉంటేనే అది కూర్చుంటుంది, ఒంటి గుబ్బ ఉన్న బళ్లకు సరిపోదు. ఆయన మొదటి రోజు అలవాటు కొద్దీ డోరు మీదే చేయి వేశారు. నేను పిడి చూపించాను. ఇప్పుడు దాన్ని పట్టుకుని లేస్తున్నారు, దిగాక డోరు తనే వేస్తున్నారు.